తుఫాను రిపేర్లు

పన్నుల శాఖ నుంచి వచ్చిన ఉత్తరాన్ని గంగాధరం రెండుసార్లు చదివి, మడిచి, కళ్లజోడు తీసి దాని మీద పెట్టాడు. ఉత్తరంలో గద్దింపు ఏమీ లేదు. 2007 సంవత్సరానికి మీ కంపెనీ ‘తుఫాను రిపేర్లు’ అన్న పద్దు కింద చూపించిన ఖర్చుకు బిల్లులు పంపండి, నెల రోజులు గడువు, అని మర్యాదగానే అడిగారు. అది 2009 ఏప్రిల్ చివర. తుఫాను వచ్చి వెళ్లి రెండేళ్లు కావస్తోంది. ఇక ఎవరూ అడగరులే అనుకుని ఆయన ఆ సంగతి మరిచిపోవడం మొదలుపెట్టాడు.

ఒమాన్‌లో, అల్ మవాలేలో నీళ్ల టాంకర్లు నడిపే కంపెనీ అది. పద్నాలుగు బండ్లు, ఇరవై మంది డ్రైవర్లు, కింద టైర్ల దుకాణం, పైన రెండు గదుల ఆఫీసు. పిఠాపురం నుంచి వచ్చిన గంగాధరం పదహారేళ్లుగా అక్కడే లెక్కలు రాస్తున్నాడు. యాభై రెండేళ్లకే వంగిన వీపు, షుగరు, మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ల ముందు అలుక్కుపోయే అంకెలు. పోయిన ఏడాదే మానేసి వెళ్లిపోదామనుకున్నాడు. ఆ ముందటేడూ అనుకున్నాడు.

బిల్లులు లేని మొత్తం ఎంతో ఫైలు తియ్యకుండానే ఆయనకు తెలుసు. రెండు వేల మూడు వందల రియాళ్లు. అందులో ఐదు వందలు జరిమానా, పద్దెనిమిది వందలు రాజీ కింద ఇచ్చిన నష్టపరిహారం. రిపేరన్నది అందులో ఒక్క బైసా లేదు.

ఆ జూన్‌లో గోనూ తుఫాను వచ్చి పోయాక ఊళ్లో కొళాయిలు ఎండిపోయాయి. మంచినీళ్లు నింపే చోట టాంకర్లు మైళ్ల పొడవున నిలబడ్డాయి. పొద్దున వెళ్లిన బండి ఒక్క లోడు నింపుకుని రావడానికి సాయంత్రమయ్యేది. ఫోన్లు మాత్రం ఆగడం లేదు. అప్పుడు మేనేజరు ముర్తుజా, బర్కా ఊరు దాటాక ఒక పొలంలో బావి ఉందనీ, తెలిసినవాళ్లదేననీ, రెండు మూడు రోజులు అక్కడ నింపమనీ డ్రైవర్లకు చెప్పాడు. మూడు రోజులు అలాగే నింపారు. రెండు వారాలు తిరగకుండా సీబ్‌లో ఒక ఇంట్లో పెద్దావిడకీ, ఆ ఇంట్లో వంట చేసే రాయచోటి మనిషి తిరుపతమ్మకీ టైఫాయిడ్ పట్టుకుంది. పెద్దావిడ కోలుకుంది. తిరుపతమ్మకు పేగు చిల్లుపడి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. పెద్దావిడ కొడుకు ఫిర్యాదు చేశాడు. నీళ్లు పరీక్షించారు. జరిమానా పడింది. కోర్టుదాకా పోకుండా రాజీ కుదిరింది. రాజీ కాగితం మీద పెద్దావిడ పేరొక్కటే ఉంది. పనిమనిషి మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటివాళ్లే ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, టిక్కెట్టు కొనిచ్చి ఆమెను ఊరికి పంపేశారు.

ఏడాది చివర లెక్కలు మూసేటప్పుడు ఈ రెండు వేల మూడు వందలు ఏ పద్దులో రాయాలని గంగాధరం అడిగాడు. ముర్తుజా తల కూడా ఎత్తలేదు. “తుఫాను ఏడాది గదా సార్. రిపేర్ల కింద పెట్టేయండి. ఎవరడుగుతరు,” అన్నాడు. ఆ ఏడు ప్రతి కంపెనీకీ తుఫాను రిపేర్లు ఉన్నాయి. గంగాధరం రాసేశాడు. అప్పుడాయనకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ జరగలేదు. రాసినట్టు కూడా గుర్తులేనంత మామూలుగా రాసేశాడు.

ఇంకో సంగతి ఉంది. ఆ ఇంటికి నీళ్లు తీసుకెళ్లిన డ్రైవరు ఖాదర్‌వలి. చెప్పకుండా తనంతట తానే ఆ బావిలో నింపుకొచ్చానని అరబ్బీలో రాసిన కాగితం మీద ముర్తుజా అతనిచేత సంతకం పెట్టించుకున్నాడు. ఐదు వందల జరిమానానూ నెలకు ఇరవై చొప్పున అతని జీతంలోంచి కోయమన్నాడు. నూట ముప్పై రియాళ్ల జీతం అతనిది. నెలనెలా ఆ ఇరవై కోసి, జీతాల పుస్తకంలో ‘అడ్వాన్సు’ అని రాసింది గంగాధరం చెయ్యే.

ఉత్తరం చూసి ముర్తుజా ఏమీ కంగారు పడలేదు. వరంగల్లు మనిషి, ఎదుటివాణ్ని కూర్చోబెట్టి చాయ్ పోసి మాట్లాడే మనిషి. ఒకసారి ఆఫీసులో షుగరు పడిపోయి గంగాధరం కుర్చీలోంచి జారిపోతే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి తెల్లారేదాకా పక్కనే కూర్చున్నది అతనే. అందుకే అతనికి ఎదురు చెప్పడం గంగాధరానికి ఎప్పుడూ కష్టంగానే ఉండేది.

“గ్యారేజోనితోని మాట్లాడిన. బిల్లు ఇస్తడు,” అన్నాడు ముర్తుజా. “వాగు పొంగి బండి వాదీల కొట్టుకపోయింది, ఇంజన్ల నీళ్లు పోయినయి. గంతే. డ్రైవర్ స్టేట్‌మెంట్ ఒకటి గావాలె. ఖాదర్‌వలి మీ మాట వింటడు, మీరు సంతకం పెట్టించుకొని రాండ్రి.”

“ఉన్నదున్నట్టు రాద్దామండి,” అన్నాడు గంగాధరం. “రాజీ డబ్బు వ్యాపారంలో వచ్చిన ఖర్చేనని అడిగి చూడొచ్చు. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు. జరిమానా మాత్రం ఒప్పుకోరు. దాన్ని తీసేసి, దాని మీద పన్ను కట్టేద్దాం.”

“ఎందుకు ఒప్పుకోరు? నీళ్ల వ్యాపారం చేస్తేనే గదా జరిమానా పడ్డది. ఇంట్ల కూసుంటే పడతదా? డీజిలు ఎట్లనో గిదీ గట్లనే. ఖర్చు ఖర్చే.”

“డీజిలు శిక్ష కాదు కదండి. సర్కారు ఈ చేత్తో జరిమానా వేసి, ఆ చేత్తో పన్నులో కొంత వదిలేస్తే, అది శిక్షెలా అవుద్ది?”

ముర్తుజా నవ్వాడు. “ఎంతొదులుతది సార్. నూటికి పన్నెండు.”

గంగాధరం మనసులోనే గుణించాడు. మొత్తమ్మీద రెండు వందల డెబ్బయ్యారు రియాళ్లు. ఒక టాంకరుకు రెండు టైర్లు మారిస్తే అయిపోయే డబ్బు. దానికోసం ఒక దొంగ బిల్లు, ఒక దొంగ వాంగ్మూలం. పైగా ఆ ఐదు వందలూ డ్రైవరు దగ్గర కంపెనీ ఎలాగూ రాబట్టుకుంటూనే ఉంది. పెట్టని ఖర్చుకు పన్ను మినహాయింపు అడుగుతున్నాం. ఇదంతా పైకి అనలేదు. అలసటగా అనిపించింది.

“ఊరికే పెట్టమంటలేను,” అన్నాడు ముర్తుజా. “సంతకం పెడితే ఇప్పటిదాంక కోసినయి వాపస్ ఇద్దాం. నాలుగొందల ఇరవై. వానికీ మంచిదే గదా.”

మర్నాడు పొద్దున్నే గంగాధరం నీళ్లు నింపే చోటికి వెళ్లాడు. ఎండ అప్పటికే నెత్తికెక్కింది. వరసలో పదకొండో బండి ఖాదర్‌వలిది. జమ్మలమడుగు మనిషి, నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి, గడ్డం సగం నెరిసింది. గంగాధరాన్ని చూసి కిందికి దిగబోతే ఆయనే వద్దని చెప్పి, రొప్పుతూ పైకెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు.

“ఏమి సార్, మీరు ఈడికొచ్చినారు? ఫోన్ చేసింటే నేనే వచ్చేవాణ్ని కదా.”

గంగాధరం సంచిలోంచి కాగితం తీసి, అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పాడు. ఫలానా రోజు నా బండి వాదీలో చిక్కుకుంది, ఇంజను పాడైంది, కంపెనీ రిపేరు చేయించింది. కింద సంతకం. సంతకం పెడితే కోసిన డబ్బు వెనక్కి వస్తుందనీ, ఇక కోత ఉండదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని మొహం చూడకుండా ముందున్న బండి నంబరు చూస్తూ కూర్చున్నాడు.

వరస కదిలితే ఖాదర్‌వలి బండి కొంచెం ముందుకు జరిపి మళ్లీ ఆపాడు.

“దీంట్లో ఆ ముసలామె పేరుంటాదా సార్?”

“ఉండదు.”

“తిరుపతమ్మ పేరు?”

“ఎవరి పేరూ ఉండదు. అసలు నీళ్ల మాటే ఉండదు.”

“మరి రెండేండ్ల కింద ఇంకో కాయితం మీద పెట్టించుకున్నారు కదా. తప్పంతా నాదేనని. ఇప్పుడేమో తప్పే జరగలేదని. యా సంతకం నిజం సార్?”

“నాకు తెలిసినంతవరకు రెండూ కాదు,” అన్నాడు గంగాధరం.

“మొదటిది సగం నిజమే,” అన్నాడు ఖాదర్‌వలి.

గంగాధరం అతని వైపు తిరిగాడు.

“బావి పక్కనే మేకల దొడ్డి సార్. మోటరేస్తే మొదలు నురగ వచ్చింది. ఒకటే వాసన. ముర్తుజా సాబ్ నింపమన్నాడు, నిజమే. కానీ ముక్కు నాది కదా. నేను వద్దంటే ఏం చేస్తాడు, రెండు రోజులు డ్యూటీ ఇయ్యడు. అంతే కదా. నేను నింపినా. ఆ ఇంట్లో గొట్టం పెట్టేటప్పుడు తిరుపతమ్మ వచ్చి, ‘అన్నా, నీళ్లు ఒక రకంగా ఉండాయే’ అనింది. తుఫాను నీళ్లమ్మా, మన్ను కలిసింటాది, రేపటికి తేరుకుంటాయని చెప్పినా. ఆ యమ్మ నా మాట నమ్మింది. మా పక్క మనిషినని.”

అతని గొంతులో ఏడుపేమీ లేదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా ఉన్నాయి.

“నెలకు ఇరవై కోస్తా ఉంటే మొదట్లో కడుపు మండేది సార్. తర్వాత తర్వాత, పోనీలే, ఏదో కడతాండాను కదా అనిపించేది. ఇంకా నాలుగు నెలలు. అయిపోతాది. ఇప్పుడు మీరొచ్చి అది బండి రిపేరంటే, ఇన్ని దినాలు నేను దేనికి కట్టినట్టు?”

“డబ్బు వెనక్కొస్తుంది, ఖాదర్‌వలి. నాలుగొందల ఇరవై. ఆలోచించుకో.”

“ఆలోచించినా సార్. నాకద్దు. కోసుకోండి. ఆ కాయితం మీద మాత్రం పెట్టను.” బండి మళ్లీ ముందుకు జరుపుతూ, “మీకు మాట వస్తాదేమో. అదొక్కటే నాకు బాధ,” అన్నాడు.

గంగాధరం కాగితం మడిచి సంచిలో పెట్టుకుని దిగిపోయాడు. తిరుగు దారిలో టాక్సీలో కూర్చుని, ఈ మొత్తం వ్యవహారంలో ఎవరెవరు ఏమేం కట్టారో తెలియకుండానే లెక్క వేసుకున్నాడు. తిరుపతమ్మ పేగు పోయింది. ఖాదర్‌వలి జీతం పోతోంది. కంపెనీ పద్దెనిమిది వందలు ఇచ్చి అందులోనూ కొంత వెనక్కి లాక్కోవాలని చూస్తోంది. రాసిన తనకు ఇంతవరకు టీ ఖర్చు కూడా తగల్లేదు.

యజమాని హమూద్‌ను అందరూ అర్బాబ్ అనే పిలుస్తారు. డెబ్బయ్యేళ్ల ఒమానీ పెద్దమనిషి, కంపెనీ భారమంతా ముర్తుజాకే వదిలేశాడు. నెలకోసారి వచ్చి, ఖర్జూరం తిని, కహ్వా కాఫీ తాగి, చెక్కుల మీద సంతకాలు పెట్టి వెళతాడు. మే నెలాఖర్లో ఆయన వచ్చిన రోజు గంగాధరం పాత ఫైలు పట్టుకుని గదిలోకి వెళ్లాడు. ముర్తుజా అక్కడే ఉన్నాడు. అతను లేనప్పుడు చెప్పాలని గంగాధరం అనుకోలేదు. చెబితే అతని ఎదుటే చెప్పాలనుకున్నాడు.

వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య అరబ్బీ ముక్కలు కలిపి చెప్పుకొచ్చాడు. ఈ పద్దు నేనే తప్పుగా రాశాను. ఇది రిపేరు కాదు, జరిమానా, రాజీ డబ్బు. పన్నుల శాఖ బిల్లులు అడుగుతోంది. బిల్లులు లేవు. ఉన్నాయని చూపిస్తే నేను సంతకం పెట్టలేను. అర్బాబ్ ఎంత తేడా అని అడిగాడు. రెండు వందల డెబ్బయ్యారు, ఆలస్యానికి పైన ఇంకొంత, అని చెప్పాడు.

అర్బాబ్ కప్పు కింద పెట్టాడు. “దీనికా ఇంత కథ?” అన్నాడు హిందీలో. తర్వాత ఫైల్లో కాగితాలు తిప్పుతూ జీతాల పుస్తకం దగ్గర ఆగాడు. ఈ అడ్వాన్సు ఏమిటని అడిగాడు. గంగాధరం చెప్పాడు.

ఆయన ముర్తుజా వైపు చాలాసేపు చూశాడు. ముర్తుజా నేల చూశాడు.

“నీళ్లు పాడైతే పాడయ్యాయని రాయి. రెండూ తీసెయ్యి, పన్ను కట్టు,” అన్నాడు గంగాధరంతో. “డ్రైవరు జీతంలో కోత వచ్చే నెల నుంచి ఖలాస్.”

ఇప్పటిదాకా కోసింది వెనక్కివ్వమంటాడేమోనని గంగాధరం ఎదురుచూశాడు. ఆయన అనలేదు. ఈయన అడగలేదు. అడగవలసిన మాట, అప్పటికే ఆ పూట మాట్లాడిందే ఎక్కువైందనిపించి ఆగిపోయింది. ఆ తర్వాత దాని గురించి చాలా రోజులు తనను తాను తిట్టుకున్నాడు.

పన్ను కట్టారు. ముర్తుజా ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. చాయ్‌కి పిలవడం మాత్రం మానేశాడు. ఆ ఏడు అందరికీ పెరిగిన జీతం గంగాధరానికి పెరగలేదు. అడిగితే, “అర్బాబ్‌ను అడగండ్రి సార్, మీరు డైరెక్టే గదా,” అన్నాడు నెమ్మదిగా.

జూన్ జీతం పూర్తిగా చేతికొచ్చినప్పుడు ఖాదర్‌వలి నోట్లు లెక్కపెట్టుకుని, ఇరవై రియాళ్లు తీసి గంగాధరం బల్ల మీద పెట్టాడు.

“ఇంక కోత లేదన్నాను కదయ్యా.”

“తెలుసు సార్. ఇంకా మూడు నెలలుంది నా లెక్కలో. ఇది మీ దగ్గర పెట్టండి. మూడు నెలలదీ కలిపి తిరుపతమ్మకు పంపిస్తారా? నేను పంపితే ఎందుకన్నా అని అడుగుతాది. చెప్పల్లంటే నాకు నోరు రాదు.”

“ఆవిడ ఫోన్ నంబరుందా?”

“ఉంది. రంజాన్‌కు, సంకురాత్రికి ఫోన్ చేస్తాది. నేనే సరిగా ఎత్తను.”

గంగాధరం ఒక కవరు తీసి అందులో ఆ ఇరవై పెట్టాడు. జూలైలో ఇంకో ఇరవై, ఆగస్టులో ఇంకో ఇరవై వచ్చాయి. సెప్టెంబరు మొదట్లో తన డబ్బు నలభై కలిపి వంద చేసి, ఒక సాయంత్రం సీబ్‌లో డబ్బు పంపే కౌంటరుకు వెళ్లాడు. అప్పటికి రంజాన్ సగం గడిచింది. ఇఫ్తార్ వేళ దగ్గర పడుతుండడంతో జనం పల్చగా ఉన్నారు. ఫారం నింపి ఇచ్చాడు. కౌంటర్లో కుర్రాడు చూసి ఒక గడి మీద వేలు పెట్టాడు. డబ్బు ఎందుకు పంపుతున్నారో రాయాలి.

గంగాధరం పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇద్దరున్నారు.

“ఫ్యామిలీ?” అన్నాడు కుర్రాడు.

“ఫ్యామిలీ,” అన్నాడు గంగాధరం. కుర్రాడే టిక్కు పెట్టేశాడు.

రూముకు వెళ్లి తిరుపతమ్మకు ఫోన్ చేశాడు. తన పేరు చెప్పాడు. నీళ్ల టాంకర్ల కంపెనీలో లెక్కలు రాస్తానన్నాడు. పన్నెండు వేల చిల్లర రూపాయలు వస్తాయి, ఈ నంబరు చెప్పి తీసుకోమని నంబరు చదివి వినిపించాడు. అవతల ఎవరో పిల్లవాణ్ని పెన్సిలు తెమ్మని ఆమె కేకేసింది. నంబరు రెండుసార్లు చెప్పించుకుంది.

“ఏం డబ్బు సార్ ఇది?” అంది.

ఆయన ముందే ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. పాత జీతం బాకీ అని చెబుదామనుకున్నాడు. తీరా ఆ గొంతు విన్నాక నోటికి రాలేదు.

“ఆ రోజు మీ ఇంట్లో పోసిన నీళ్లు మా కంపెనీవేనమ్మా. మంచి నీళ్లు కావు. మాకు తెలిసే పోశాం. నీకు అప్పుడే ఇవ్వాల్సింది. ఎవరూ ఇవ్వలేదు. ఇది కంపెనీ డబ్బు కాదు. ఖాదర్‌వలి, నేనూ వేసుకున్నాం.”

తిడుతుందేమోనని గంగాధరం అనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

“ఖాదర్‌వలన్న బాగుండాడా?” అంది చివరికి.

“బాగున్నాడు.”

“ఫోన్ చేస్తే ఎత్తడు సార్. నామీద కోపమేమో అనుకుంటి.” “నీళ్లదేముంది సార్. అయిపోయిండే కతలే. ఇప్పుడు ఒళ్లు బాగానే ఉండాది. బరువులెత్తగూడదనినారు గానీ వంట పనికి ఏం గాదు. మీకు తెలిసిన ఇండ్లల్లో యాడన్నా వీసా ఉంటే చెప్పండి సార్. వస్తా.”

గంగాధరం మంచం మీద కూర్చున్నాడు. కిటికీలోంచి మసీదు బాంగు వినిపిస్తోంది, రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి.

“ఇక్కడికే వస్తావా అమ్మా?”

“ఈడుండి ఏం చేసేది సార్. అడిగి చూడండి.”

“అడుగుతాను,” అన్నాడు గంగాధరం. ఆమె తన నంబరు మళ్లీ చెప్పింది. ఆయన దగ్గర ఉందని తెలిసినా చెప్పింది. ఆయనా, రాసుకుంటున్నానమ్మా అంటూ పత్రిక అంచు మీద మళ్లీ రాసుకున్నాడు.